ముసలాయన వాటా టీ

మొదట మెదెర్ చేతిలో ఉన్నది ఒక మెత్తబడిన అవకాడో. ఓష్ బజారులోని అతని పళ్ల కొట్లో ఎవరూ కొనక మిగిలిపోయింది. ఇంటికి తెస్తే తండ్రి దాని టెంకకు అగ్గిపుల్లలు గుచ్చి నీళ్ల గ్లాసు మీద కూర్చోబెట్టాడు. టెంక పగిలి మొలకెత్తింది. కుండీలోకి మారి, కిటికీ గట్టు మీద మనిషి భుజమంత ఎదిగింది. దాన్ని చూసి మురిసిన తండ్రి మాత్రం మొన్నటి ఆకురాలు కాలంలో పోయాడు.

ఆ ఉదయం మెదెర్ కోటు గుండీలు పెట్టుకుంటుంటే, భార్య నర్గిజా ఒక ఆకును తెచ్చి టీ బల్ల మీద పడేసింది. అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి.

"మళ్లీ రాలింది. ఇప్పుడు కొందరి కళ్లు చల్లబడి ఉంటాయి."

కొడుకూ కోడలూ 'అపా', అంటే అమ్మా, అని పిలిచే మెదెర్ తల్లి బురుల్ రొట్టె తుంచుతూ తలెత్తలేదు. "ఇల్లు వెచ్చబెట్టే గొట్టాల వేడికి మాడబెట్టి నా మీద పడతావేం?"

"రోజూ మట్టి తడి చూసే నీళ్లు పోస్తున్నాను అపా. నేను పనికెళ్లాక మీరే దీన్లో ఏదో పోస్తున్నారు. పాల కంపు కొడుతోంది."

"పాలు కంపా! పచ్చ టీ పేరుతో ఉత్త వేణ్ణీళ్లు తాగే మీ దక్షిణాది వాళ్లకి పాల సంగతేం తెలుసు?"

"మీ పాల ఉప్పు టీ కంటే నయం. గొర్రెలు నాకే ఉప్పురాయిని కరగబెట్టినట్టుంటుంది!"

మెదెర్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఒకరి వైపు మాట్లాడితే రెండోవాళ్ల దగ్గర రాత్రి భోజనం పోతుంది. నోరు మూసుకుంటే ఇద్దరి దగ్గరా పోతుంది. నోరు మూసుకోవడమే అలవాటు కనుక అదే చేశాడు.

"చాలు," అంటూ నర్గిజా కుండీని రెండు చేతులా పట్టుకుంది. "మా పుట్టింటికి తీసుకెళ్తాను. అక్కడైనా బతుకుతుంది."

బురుల్ లేచి రెండో అంచు పట్టుకుంది. "ఆయన నాటిన మొక్క గడప దాటిందంటే, దాని వెనకాలే నువ్వూ పో. మళ్లీ రావద్దు."

"మీకు కావలసింది అదేగా!"

ఇద్దరూ చెరోవైపు లాగారు. కుండీ వంగి మట్టి నేల మీద చిమ్మింది. మెదెర్ దాన్ని ఎత్తబోయి ఆగాడు. మట్టి మీద తెల్లటి పొర కట్టి ఉంది. ఏ సరుకునైనా నాలుక మీద వేసుకుని చూసే మనిషి. దాన్నీ చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు! అపా, నీ టీ దీన్లో పోస్తున్నావా?"

ముసలామె చేతులు కుండీని వదిలేశాయి.

"నాది కాదు. మీ నాన్నది."

బురుల్ బల్ల మీదున్న రెండో గిన్నె వైపు గడ్డంతో చూపించింది.

"పొద్దున్నే అలవాటుగా ఆయన గిన్నెలోనూ పోస్తాను. నిండా పోస్తే లేచి వెళ్లమన్నట్టే కదా, అందుకే మళ్లీ మళ్లీ అడిగేలా అడుగున కొంచెమే. పారబోయడానికి చేయి రాలేదు. ఆయన చెట్టేగా అని దానికే తాగించాను. పాలు కదా, బలమనుకున్నాను."

ఇంకో విసురు విసరడానికి తెరిచిన నోటిని నర్గిజా మూసుకుంది. గొంతు తగ్గించి అంది: "దీనికి ఉప్పు పడదు అపా."

"చచ్చిపోతుందా?" బురుల్ బల్ల మీది ఆకును చేతిలోకి తీసుకుంది. "ఆయన్ని ఒకసారి పంపించాను. మళ్లీ నా చేత్తోనే పంపిస్తున్నానా?"

నర్గిజా కుండీని స్నానాల గదిలోకి మోసుకెళ్లి తొట్టిలో పెట్టింది. "ఉప్పంతా కడిగెయ్యాలి. ఏదైనా గిన్నె ఇవ్వండి."

బురుల్ ముసలాయన టీ గిన్నె తెచ్చింది.

"ఇంత చిన్నదా?"

"దానికి ఇదే అలవాటు."

నర్గిజా దాన్ని అందుకుని కొళాయి కింద నింపింది. కుండీ అడుగునుంచి తేట నీళ్లు కారేదాకా ఇద్దరూ ఆ గిన్నెతోనే వంతులవారీగా పోశారు. ఆ ఉదయం మెదెర్ కొట్టు తెరవలేదు.

మర్నాటి నుంచి బల్ల మీద రెండో గిన్నెను కోడలే నింపుతోంది, అడుగున కొంచెం, ఉత్త మంచినీళ్లతో. అత్త దాన్ని చెట్టుకు పోస్తుంటే, "గట్టు తడపకండి అపా" అని కోడలు, "నాకు నేర్పకు" అని అత్త.

వసంతానికి మెదెర్ లెక్క చూసుకున్నాడు. పోయినవి: ఆకులు దాదాపు అన్నీ, ఒక పూట బేరం. తరగనిది: పోట్లాట. వచ్చింది: మోడు కొసన రాగిరంగులో రెండు చిగురాకులు. వాటిని ముందు ఎవరు చూశారన్నదాని మీద వంటింట్లో అత్తాకోడళ్లు గొంతులు చించుకుంటున్నారు.