కెప్టెన్ నేర్చుకున్న గొంతు

సైరన్ మోగింది.

చేతిలో టీ గ్లాసు వదిలేసి అఖీల్ ఒక్క దూకు దూకి సోఫా వెనక నక్కాడు. నక్కాక గుర్తొచ్చింది, యుద్ధం ముగిసి రెండు నెలలు దాటిందని. ఇది 1991 మే నెల. రియాద్ మీదికి ఇప్పుడు క్షిపణులు రావడం లేదు.

కూసింది పంజరంలోని చిలుక!

బూడిదరంగు ఒళ్ళు, ఎర్రతోక. పేరు కెప్టెన్. దాని యజమాని, కంపెనీ ఇంజనీరు, నలభై రోజుల సెలవుకి ఆ పూటే లండన్ వెళ్ళాడు. అఖీల్ ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్. కాంపౌండ్‌లో దొరలు సెలవు మీద పోతే, వాళ్ళ విల్లాలో ఉండి పిల్లుల్నీ కుక్కల్నీ పక్షుల్నీ చూసుకోవడం అతని రెండో ఉద్యోగం.

"నీ దుంప తెగ! ప్రాణం పొయ్యింది గదా!" అన్నాడు.

చిలుక తల పక్కకి వంచింది. ఆడగొంతుతో, మెల్లగా అంది:

"భయపడాకులే. నేనుండా గదా."

అఖీల్ అలాగే నిలబడిపోయాడు. అచ్చమైన సీమ మాట. ఆడగొంతులో ఆ మాట విని మూడేళ్ళయింది. జనవరిలో సైరన్లు మోగినప్పుడు, ఎవరివో మూడు పిల్లుల్ని ఒళ్ళో పెట్టుకుని ఈ కాంపౌండ్‌లోనే ఒంటరిగా కూర్చున్నాడు. అప్పుడతనికి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

ఎవరిదీ గొంతు?

రోజూ పొద్దున్నే గింజలు వేస్తూ అదే అడిగేవాడు. "ఎవరు నువ్వు? యా ఊరు? పెండ్లయిందా నీకు?"

చిలుక జవాబిచ్చేది కాదు. శ్రద్ధగా వినేది.

ముప్పై తొమ్మిదో రోజు, టేప్ రికార్డర్ పంజరం దగ్గర పెట్టి మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి మొదటి రెండు నిమిషాలు విన్నాడు. సైరనూ ఉంది, ఆ గొంతూ ఉంది. చాలనుకుని క్యాసెట్ జేబులో వేసుకున్నాడు.

సోమవారం ఇంజనీరు దిగాడు. "యుద్ధమప్పుడు దీన్ని ఎక్కడ ఉంచారు సార్?" అని అడిగితే, "మౌలాలికి ఇచ్చాను. ఎక్కడ పెట్టాడో నేనడగలేదు" అన్నాడు.

డ్రైవర్ మౌలాలి ఇప్పుడు ఉత్తరాన, కువైట్ సరిహద్దు వైపు హఫర్ అల్ బాతిన్‌లో నీళ్ళ ట్యాంకర్ నడుపుతున్నాడు. వాళ్ళ క్యాంపుకి ఫోన్ లేదు. గురువారం మధ్యాహ్నానికి అఖీల్ డాక్టరమ్మ గారి పిల్లి దగ్గరుండాలి. మధ్యలో మూడు రోజులు.

"స్నేహితుల్ని చూసొస్తా" అని కఫీల్ దగ్గర, అంటే తనని పనికి రప్పించుకున్న సౌదీ యజమాని దగ్గర, కాగితం రాయించుకున్నాడు. ఊరు దాటాలంటే ఆ కాగితం కావాలి. గురువారం దాటితే అది చెల్లదు.

బస్సెక్కాడు. ట్యాంకుల్ని మోసుకెళ్ళే లారీలు దారంతా ఎదురొచ్చాయి. సాయంత్రం క్యాంపులో దిగేసరికి మౌలాలి పరుగెత్తుకొచ్చాడు.

"అఖీలూ! ఎవరు సచ్చినార్రా?"

"ఎవరూ సావల్యా. యుద్ధంలో చిలుకను యాడ పెట్టినావన్నా?"

మౌలాలి నోరు తెరిచాడు. "ఐదొందల కిలోమీటర్లు వచ్చి అడిగేది ఇదా?"

"చెప్పన్నా."

"జెద్దాలో. ఈడ సైరన్లకు బెదిరి అది గూడా కూయబట్టె, అందుకని ఆడికి చేర్చినా. షరఫియాలో లాల్ అహ్మద్ టైలర్ లేడూ, మన కదిరాయన? ఆయనింట్లో."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఆయన, పెండ్లాం హమీదున్నీసా, కూతురు అఫ్రీన్."

అఖీల్ వాక్‌మన్ పెట్టి వినిపించాడు. "ఈ గొంతు ఇద్దర్లో ఎవరిది?"

"నాకేం తెల్సురా? పంజరమిచ్చి టీ తాగినా. ఆ టీ గూడా తెర కింద నుంచే వచ్చె." ఇంతలో మౌలాలికి నవ్వాగలేదు. "ఒరే, అది పెద్దమ్మ గొంతయితే? యాబై దాటింటాయి ఆమెకు. లాల్ అహ్మద్ కత్తెర ఎంత పొడుగుంటాదో తెల్సా నీకు?"

మంగళవారం వెనక్కి రియాద్. బతా బజారులో ఒక ప్లేటు అన్నం, బస్సు మార్పు. మళ్ళీ తొమ్మిదొందల యాభై కిలోమీటర్లు. బుధవారం పదిగంటలకి షరఫియాలో దిగాడు. తిరుగు బస్సు రెండింటికి.

దుకాణంలో ఒకటే మిషన్. వెనక ఇంట్లోకి ఆకుపచ్చ తెర. లాల్ అహ్మద్ కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"అస్సలాము అలైకుం మామా. కెప్టెన్ బాగుండాడని చెప్పిపోదామని వచ్చినా."

"చిలుక క్షేమం చెప్పేకి రియాద్ నుంచా?"

"దారేగదా మామా."

"యా దారి?"

అఖీల్ క్యాసెట్ తీసి దుకాణంలోని టేప్ రికార్డర్‌లో పెట్టాడు.

సైరన్! లాల్ అహ్మద్ మిషన్ తొక్కడం ఆపేశాడు. ఆ వెంటనే, "భయపడాకులే. నేనుండా గదా."

తెర వెనక గలగలా నవ్వు. "అమ్మా! నా కెప్టెన్! సైరన్ కూత ఇంగా మానల్యా!"

"నెమ్మదే పాపా!" అని ఇంకో గొంతు గసిరింది.

కూతురిది! అఖీల్‌కి ఎంత సంతోషమంటే, టేపు ఆపాలన్న సంగతే మరిచిపోయాడు. టేపు తిరుగుతూనే ఉంది. కాసేపు రెక్కల చప్పుడు. తర్వాత మగగొంతు, గట్టిగా:

"ఎవరు నువ్వు? యా ఊరు? పెండ్లయిందా నీకు?"

లాల్ అహ్మద్ చెయ్యి కత్తెర మీదికి వెళ్ళింది. "ఎవరి గొంతిది?"

"చిలుకది మామా."

"చిలుక ప్రొద్దుటూరోళ్ళ మాదిరి మాట్లాడతాదా?"

"కొత్తమాట నేర్చుకుంటే, ఎవరూ లేనప్పుడే అనుకుంటాది నాయనా" అంది తెర, వినయంగా.

లాల్ అహ్మద్ కత్తెర వదిలి మెడలోని కొలత టేపు తీశాడు. "నిలబడు."

భుజాలు కొలిచాడు. ఛాతీ కొలిచాడు. కొలుస్తూనే అడిగాడు: నాయన పేరు, అన్నదమ్ములు, సిగరెట్లు, నమాజు. అఖీల్ అన్నిటికీ నిజమే చెప్పాడు, రేపటి పిల్లితో సహా.

"మామా, ఈ కొలతలు ఎందుకు?"

"మనిషిని చూస్తే నాకు తెలీదు. కొలిస్తే తెలుస్తాది. గుండె దడ టేపు మీదికొస్తాంది నీది." చెవి వెనక పెన్సిల్ తీసి రాసుకున్నాడు. "పాప సరేనంటే పెండ్లి షేర్వానీ కుడతా. వద్దంటే ప్యాంటు."

"ఆ క్యాసెట్టు ఇట్లియ్యండి, ఇంకోసారి వింటాం" అని లోపల నుంచి హమీదున్నీసా అడిగింది.

తెర కొంచెం తొలగింది. గాజుల చెయ్యి, దాని పైన రెండు కళ్ళు. ఆ కళ్ళు అఖీల్‌ని చూశాయి, తిండి పెట్టక ముందు చిలుక చూసినంత కుతూహలంగా. తెర పడిపోయింది.

టీ వచ్చింది. అన్నం వచ్చింది. ఒంటిగంటన్నరకి తెర కింద నుంచి క్యాసెట్ వచ్చింది. మాట మాత్రం రాలేదు.

"ఏమన్నారు మామా?"

"నాకేమీ చెప్పల్యా. పో, బస్సు పోతాది."

జెద్దా దాటింది. కొండలు దాటాయి. మూడు వేల కిలోమీటర్ల తిరుగుడు ఉత్తదేనా? అఖీల్ ఉస్సూరుమంటూ వాక్‌మన్ చెవులకి తగిలించుకున్నాడు.

సైరన్. భయపడాకులే. రెక్కల చప్పుడు. "పెండ్లయిందా నీకు?" అని తన గొంతు.

ఆ వెంటనే చిన్న క్లిక్. ఈసారి చిలుక కాదు, ఆమే.

"అఫ్రీన్. కదిరి. కాలేదు."

వెనక ఎవరో గదిమినట్టున్నారు. గొంతు తగ్గింది, నవ్వు తగ్గలేదు.

"పిల్లిని బాగా చూసుకో. దానికి మాటలు రావు, నువ్వే మాట్లాడాల. నాయనకు సాయంత్రం చెప్తా, ప్యాంటు వద్దని."