సి బ్లాకు లిఫ్టులో తంబోలా

మా కాలేజీలో సి బ్లాకు లిఫ్టు మంచిది కాదండి.

మా కాలేజీ అన్నానని నేనేదో చదివేశాననుకునేరు. గేటుకి ఎదురుగా నా టీ బడ్డీ, అంతే. గుడివాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీద బీబీజాన్ టీ అంటే ఎవరైనా చూపిస్తారు. కాలేజీ పేరు మాత్రం చెప్పను. రేపు పొద్దున్నే మళ్లీ వాళ్ల మొహాలే చూడాలి నేను.

ఆ లిఫ్టు పాతకాలంది. ఇనప గేటు అడ్డంగా లాగి మూసేది, ఊచల సందుల్లోంచి లోపలి మనిషి కనబడతాడు. బిల్డింగు కట్టేటప్పుడు ఆ గోతిలో ఒక కూలీ మనిషి పడిపోయిందంట. ఆడమనిషి. ఏ ఊరో, పేరేంటో ఎవరికీ తెలీదు. అప్పట్నుంచీ లిఫ్టు రెండో అంతస్తు దాటగానే, ఎవరూ ఏమీ నొక్కకుండా... ఆగుద్దంట. ఓ క్షణం ఆగి మళ్లీ కదులుద్దంట. సాయంత్రం ఆరు దాటితే పిల్లలెవరూ ఎక్కేవాళ్లు కాదు. అటెండరు సాయిబాబు అయితే పట్టపగలు కూడా మెట్లే. నీ పొట్ట తగ్గింది ఆ దెయ్యం పుణ్యమేనయ్యా అని నేను ఏడిపించేదాన్ని.

నేను నమ్మేదాన్ని కాదండి. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే... మీరే విని చెప్పండి.

కరోనా వచ్చిన ఏడు, డిసెంబరు నెల. పిల్లల్లేరు, క్లాసులన్నీ సెల్లుల్లోనే. లెక్చరర్లంతా ఇళ్లలో. అంత కాలేజీకీ మిగిలింది వాచ్‌మన్ ఏలీయా ఒక్కడే. కృత్తివెన్ను వాడు. బయటికెళ్తే జబ్బు అంటించుకొస్తాడని, సేఫ్టీ అని చెప్పి, మూడు నెలలు వాణ్ని గేటు దాటనివ్వలేదు. నా టీ కూడా గేటు ఊచల్లోంచి అందుకుని తాగేవాడు. ఆ మధ్యలోనే వాడికి కూతురు పుట్టింది. క్రిస్టినా అని పేరు పెట్టడం కూడా ఫోన్లోనే అయింది పాపం. చివరికి క్రిస్మస్‌కి నాలుగు రోజులు సెలవిచ్చారు. ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం ఏడింటి బస్సు. ఆ వారమంతా వాడి నోట ఆ బస్సు మాట తప్ప ఇంకోటి లేదు.

ఇక లెక్చరర్లకేమో వెల్‌నెస్ అంట. ఇళ్లలో కూర్చుని దిగులుపడుతున్నారని నెలకో ఆట పెట్టారు. ఒక నెల యోగా, ఒక నెల వంటల పోటీ, ఈసారి ఆ ఇరవై నాలుగునే పండగ తంబోలా. ఆరింటి నుంచి ఏడున్నర దాకా అందరూ కంప్యూటర్లో కనబడాలి, నవ్వుతూ కనబడాలి. రాకపోతే ఆబ్సెంటు. సంతోషానికి అటెండెన్సేంటండీ, ఎక్కడైనా విన్నారా?

ఇదంతా నాకు చెప్పింది నాగదుర్గ మేడం. లెక్కలు చెప్తుంది. పెడనలో చేనేత ఇల్లు, వాళ్లమ్మా తనూ ఉంటారు. ఆ రోజు ఐదుంబావుకి స్కూటీ నా బడ్డీ ముందు ఆపి టీ అడిగింది.

"ఇంట్లో నెట్టు నిలబడదు బీబమ్మా. పోయిన నెల మధ్యలో కట్టయిపోతే సంజాయిషీ రాయించుకున్నారు. ఇవాళ కాలేజీ వైఫైలో కూర్చుని ఆడేసి, అట్నుంచటే గుడివాడ చెల్లెలింటికి వెళ్లిపోతా. దానికి చెప్పలేదు, ఉన్నట్టుండి గుమ్మంలో దిగుతా."

"స్టాఫుని లోపలికి రానివ్వట్లేదుగా మేడంగారూ?"

"వెనక కాలవ వైపు చిన్న గేటుందిగా. బండి సైకిల్ స్టాండు వెనక పెట్టేస్తా" అని నవ్వింది. నవ్వగానే దగ్గొచ్చింది. ఆవిడకి ఉబ్బసం. స్కూటీ డిక్కీలోంచి ఇన్‌హేలరు తీసి రెండుసార్లు పీల్చింది, మళ్లీ అందులోనే పడేసింది. నా కళ్లతో చూశాను.

లోపల జరిగింది తర్వాత మేడం చెప్తే తెలిసింది. వైఫై బాగా వచ్చేది మూడో అంతస్తు కంప్యూటర్ ల్యాబులో. మెట్లెక్కితే ఆయాసం. అప్పటికే ఆరు కావస్తోంది. లాప్‌టాప్ తెరిచి చేతిమీద పెట్టుకుని, తంబోలాలో చేరిపోయి, లిఫ్టెక్కింది. ఆ కంగారులో ఫోను కూడా డిక్కీలోనే మర్చిపోయింది.

సరిగ్గా అప్పుడే ఏలీయా మెయిన్ ఆపేశాడు.

వాణ్ని తిట్టకండి. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సెలవులకి ముందు, సేఫ్టీ కోసం, కరెంటంతా ఆపి అన్ని బ్లాకులకీ తాళాలెయ్యాలని. వాడు రిజిస్టరు కూడా చూసుకున్నాడు. ఆ రోజు లోపలికొచ్చినట్టు ఒక్క పేరూ లేదు.

లిఫ్టు రెండో అంతస్తు దాటి... ఆగింది. మళ్లీ కదల్లేదు.

చుట్టూ చీకటి. లాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది. వైఫైకి వేరే బ్యాటరీ ఉంటుందంట, అది నడుస్తోంది. తెరనిండా ఎనభైమంది స్టాఫు. ఒకాయన నంబర్లు చదువుతున్నాడు, అందరూ టిక్కులు పెట్టుకుంటున్నారు.

"లిఫ్టులో ఇరుక్కున్నానండీ! ఎవరైనా ఏలీయాకి ఫోన్ చెయ్యండి!" అని మేడం అరిచింది. ఎవరికి వినబడుద్ది? గోల ఎక్కువవుతుందని ఆట నడిపే కమిటీలో ఉన్న పదిమందివి తప్ప మిగతా అందరి మైకులూ నొక్కేశారు. రాసి పంపుదామంటే ఆ చోటూ మూసేశారు, పోయినసారి అందులో ఎవరో అడగకూడని ప్రశ్నలు అడిగారంట. ఇక చేసేదిలేక కెమెరా ముందు రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

వాళ్లూ ఊపారండి! ఎనభైమందీ నవ్వుతూ చేతులూపారు. ఒకావిడ ముద్దు కూడా విసిరిందంట.

ఆఫీసుకి మెయిలు పెట్టింది. టక్కున జవాబొచ్చింది. "సెలవుల్లో ఉన్నాం. మీరు సేఫ్‌గా ఉండండి" అని. అది మిషను ఇచ్చే జవాబంట.

అప్పుడు లెక్కేసుకుంది మేడం. ఇవాళ గురువారం. సోమవారం దాకా ఈ గేటు ఎవరూ తియ్యరు. చెల్లెలింట్లో ఉందనుకుని అమ్మ వెతకదు. వస్తున్నట్టు తెలీదు కాబట్టి చెల్లెలూ వెతకదు. ఇన్‌హేలరు డిక్కీలో ఉంది... ఛాతీ అప్పుడే బిగుసుకుంటోంది. నాలుగు రాత్రులు కాదు, ఒక్క రాత్రి గడవడమే కష్టం. ఊచలు పట్టుకుని బాదింది. అరిచింది. గొంతు చీరుకుపోయేదాకా అరిచింది. ఏలీయా ఎక్కడో అవతలి బ్లాకుల్లో తాళాలేసుకుంటున్నాడు.

ఇక ఏలీయా మాట వినండి.

ఆరూ ముప్పావు. సంచి భుజాన తగిలించుకుని, ఆఖర్న సి బ్లాకుకి తాళం వేద్దామని టార్చి పట్టుకుని వచ్చాడు. పైన కిటికీలు మూశారో లేదో చూద్దామని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో...

పైనుంచి మాటలు.

"ఫోర్ అండ్ నైన్... ఫార్టీ నైన్..."

ఆస్పత్రిలో టోకెను పిలిచినట్టు. ఆ ఏడు మనం రోజూ టీవీలో విన్నవి అంకెలేగా. ఇవాళ ఇంతమంది పోయారు, నిన్న ఇంతమంది పోయారు.

"ఎయిట్ అండ్ ఎయిట్... ఎయిటీ ఎయిట్..."

వెంటనే నవ్వులు. ఒకరూ ఇద్దరూ కాదు... పదిమంది. కరెంటు లేని బిల్డింగులో, ఒక్క పురుగు లేని బిల్డింగులో, పదిమంది పగలబడి నవ్వుతున్నారు.

వాడు పిరికివాడు కాదండి. ఆ నవ్వులు వింటూనే ఒకటో అంతస్తు దాకా ఎక్కాడు. "ఎవరయ్యా పైన?" అందామనుకున్నాడు. ఈలోపే మళ్లీ అంకె.

"ఫైవ్ అండ్..."

ఆగిపోయింది. అంకె సగంలో తెగిపోయింది. నవ్వులూ తెగిపోయాయి. వైఫై బ్యాటరీ అయిపోయిందని మనకిప్పుడు తెలుసు. వాడికి అప్పుడెలా తెలుస్తుంది?

ఎక్కడా చప్పుడు లేదు. దోమ కూడా లేదన్నాడు.

అప్పుడు పిలిచింది.

"ఏలీయా..."

ఆడగొంతు. అరుపు కాదు. ఇంట్లో మనిషి అన్నానికి పిలిచినట్టు... మెల్లగా.

"ఆఁ" అనబోయాడు. అనబోయి నోరు మూసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పేదంట. చీకట్లో ఎవరైనా పేరెట్టి పిలిస్తే వెంటనే పలక్కూడదు, మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు, అది మాత్రం రెండుసార్లే పిలుస్తుంది అని. మా ఇళ్లల్లోనూ చెప్తారండి ఈ మాట. మీ ఇళ్లల్లో చెప్పరా?

"ఏలీయా..."

రెండు.

గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మూడోసారి పిలువు తల్లీ... మనిషివైతే మూడోసారి పిలువు... అని లోపల్లోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. ఎంతసేపు నిలబడ్డాడో వాడికే తెలీదు.

మూడోసారి పిలవలేదు.

అంతే, పరుగు. సి బ్లాకు గేటు లాగి తాళం, పెద్ద గేటు లాగి తాళం, రోడ్డు దాటి నా బడ్డీలోకి వచ్చి పడ్డాడు. నేను సామాను సర్దుకుంటున్నా.

"పిన్నీ... సి బ్లాకులో దెయ్యాలు... అంకెలు చదువుతున్నాయి పిన్నీ..."

"దెయ్యాలకి అంకెలెందుకురా, ఇంటర్ తప్పాయా?" అని నవ్వాను. ఆ నవ్వుకి ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటా.

వాడు నీళ్లు తాగి మొత్తం చెప్పాడు. అంకెలు, నవ్వులు, పేరెట్టి పిలవడం. చెప్తూ చెప్తూ రోడ్డు వంక చూస్తున్నాడు. దూరంగా బస్సు లైట్లు కనబడ్డాయి, సంచి అందుకున్నాడు.

నా చేతిలో గిన్నె జారి కిందపడింది.

"ఒరేయ్, నాగదుర్గ మేడం బయటికి రావడం చూశావా?"

"మేడం ఎక్కడ పిన్నీ? రిజిస్టర్లో ఎవరూ..."

"నీ రిజిస్టరు తగలెయ్య! అవి దెయ్యాలు కాదురా, తంబోలా! వెనక గేట్లోంచి వెళ్లింది, నాకు చెప్పి మరీ వెళ్లింది! మందు కూడా డిక్కీలో పడేసి వెళ్లింది!"

"మెయిన్ నేనే ఆపాను పిన్నీ" అన్నాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "బందరు, బందరు" అని కేకేశాడు. ఏలీయా బస్సు వంక చూశాడు... కాలేజీ వంక చూశాడు. మూడు నెలలుగా ఆ బస్సు కోసమే బతికాడు వాడు. సంచి నా బల్లమీద పడేసి తాళాల గుత్తి తీశాడు. అందుకే వాణ్ని ఎవరేమన్నా నేనూరుకోను. తెల్లారి మొదటి బస్సుకి వెళ్లి కూతుర్ని ఎత్తుకున్నాడు లెండి, ఆ చింత మీకొద్దు.

వాడు మెయిన్ దగ్గరికి, నేను సైకిల్ స్టాండు వెనక్కి. స్కూటీ అక్కడే ఉంది. తాళంచెవి కూడా దానికే వేలాడుతోంది. ఇన్‌హేలరు తీసుకుని, చీకట్లో తడుముకుంటూ, ఈ మోకాళ్లతో సి బ్లాకు దాకా పరిగెత్తాను. యా అల్లా, ఆవిడ ఊపిరి నిలబెట్టు అని దారంతా అదే మాట.

లైట్లు వెలిగాయి. ఏలీయా వచ్చి తాళం తీశాడు.

"మేడంగారూ!" అని లిఫ్టు గోతిలోకి అరిచాను. పలకలేదు. "మేడంగారూ!" పలకలేదు. మూడోసారి కూడా అరిచాను, మేము మనుషులమేనని ఆవిడకి తెలియాలిగా. అయినా పలకలేదు.

ఏలీయా బటను నొక్కాడు. పైన ఎక్కడో గర్రుమంది... లిఫ్టు దిగుతోంది. మెల్లగా దిగుతోంది. ఊచల సందుల్లోంచి ముందు చెప్పులు కనబడ్డాయి. చెరోపక్క పడున్నాయి, వాటిలో కాళ్లు లేవు. ఏలీయా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత చీర అంచు. తర్వాత మేడం. మూలకి ముడుచుకుని, లాప్‌టాప్ ఛాతీకి హత్తుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. మమ్మల్ని చూడట్లేదు.

గేటు లాగి ఇద్దరం బయటికి ఈడ్చుకొచ్చాం. తల నా ఒళ్లో పెట్టుకుని మందు పీల్పించాను. ఒకసారి... రెండుసార్లు... మూడోసారికి ఛాతీ కదిలింది. నాలుగోదానికి ఊపిరి లోపలికెళ్లిన చప్పుడు నాకు వినబడింది. బతికింది. నేను ఏడ్చేశాను, సిగ్గేం లేదు.

ఏలీయా నేలమీద కూలబడి రెండు చేతులూ జోడించాడు.

"నన్ను క్షమించండి మేడంగారూ. మీరు పిలిచారు, నేను విన్నాను. రెండుసార్లూ విన్నాను. మూడోసారి ఒక్కసారి పిలిచుంటే పరిగెత్తుకొచ్చేవాణ్ని..."

మేడం తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచింది. మాట రాలేదు, గాలి వచ్చింది. అరిచి అరిచి ఆ గొంతు ఎప్పుడో పోయింది. నేను వంగి ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాను.

"ఏలీయా మెట్లెక్కడం విన్నాను బీబమ్మా... పిలవబోయాను..." ఊపిరి తీసుకుంది. "నేను నోరు తెరిచేలోపే పిలిచింది. నా గొంతుతోనే పిలిచింది... లిఫ్టు పైకప్పు మీద నుంచి."