లక్ష దగ్గర లేని కామా

రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, చెయ్యి ఇంకా నిదానమే. కథ మాత్రం వేగంగానే పోతుంది.

వల్లూరు పోయే షేర్ ఆటోలో డ్రైవర్ అద్దంలోకి చూశాడు.

“శెనక్కాయ ఎట్లుండాది?”

“వాన సాల్లేదన్నా,” అంది చైత్ర.

కోడ్ కలిసింది. ఖాకీ చొక్కాలో ఉన్నది సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఈరయ్య.

“విదేశీ ముఠా సోలార్ పార్కులో ట్రాన్స్‌ఫార్మర్ పేల్చాలని చూస్తాండాది. ఈ పొద్దే. లోపల వాళ్ల మనిషి ఉండాది. ఎవర్నీ నమ్మద్దు.”

“మిమ్మల్ని?”

“నన్ను కూడా. దిగు.”

ప్యానెళ్లు తుడిచే కూలీ వేషంలో, కెమెరా దాచిన చీపురు కర్రతో, చైత్ర కంట్రోల్ రూము ఊడవడానికి వెళ్లింది. ఆపరేటర్ నందీష్ అన్నం డబ్బా విప్పుతున్నాడు. పక్కన మోనిక, నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, లాప్‌టాప్ ముందు. స్క్రీన్ మీది వెబ్ పేజీ తయారుచేసిన ఇంజినీరు. ముఠాలో దూరిన మన ఏజెంట్ అని చైత్ర చదివిన ఫైల్ చెబుతోంది. చైత్రను చూసి నవ్వింది. ఆ నవ్వు చైత్రకు నచ్చలేదు.

కిటికీ అవతల, ట్రాన్స్‌ఫార్మర్ గోడ పక్కన గార్డు బోరన్న, కూలీలు సంగటి మూటలు విప్పారు. చేలలో ప్యానెళ్లు లేచాక మధ్యాహ్నం వాళ్లకు ఆ గోడ నీడే దిక్కు. పేలితే ఒక్కరూ మిగలరు.

చైత్ర స్క్రీన్ చూసింది. పార్కు మొత్తం 18,42,600 కిలోవాట్లు. కన్ను తడబడకుండా లక్షల లెక్కన కామాలు. కింద ఆ ట్రాన్స్‌ఫార్మర్ లోడు: 142,600.

“నందీషన్నా, దీనికి లక్ష దగ్గర కామా ఏమాయ?”

“యాడుంటే ఏంది తల్లీ, అంకెలు అవే కదా.”

“అప్‌డేట్,” అంది మోనిక, తల ఎత్తకుండా.

“అప్‌డేట్ అయితే అన్నీ మారాల. ఇదొక్కటి ఈ పేజీది కాదు. లక్షలు లెక్కపెట్టని దేశంలో చేసి, ఈడ అతికించినారు.”

మోనిక చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. చీపురు కర్ర మణికట్టు మీద పడింది. లిప్‌స్టిక్ పిస్టల్ నేలమీద దొర్లింది. చైత్ర లాప్‌టాప్ కేబుల్ పీకేసింది. దొంగ అంకె మాయమై అసలుది బయటపడింది: 2,31,900. దాని రంగు ఎరుపు, ట్రాన్స్‌ఫార్మర్ మోయలేనంత లోడు.

బయట గుర్రుమనే శబ్దం పెరుగుతోంది. నందీష్ ముద్ద పట్టుకుని బిగుసుకుపోయాడు. చైత్ర కరెంటు ఆపే ఎర్ర బటన్ మీద గుద్దింది. శబ్దం ఆగింది. ఒక పొగ మేఘం లేచి, గోడ దాటి, కరిగింది.

“ఒక్క కామాకా?” అంది మోనిక, చైత్ర వేసిన బేడీలు చూసుకుంటూ.

“కంటికి సులువుగా ఉండాలనే కదా పెట్టేది. నా కంటికీ సులువైంది.”

బోరన్న కిటికీలోంచి తల పెట్టాడు.

“సంగటంతా పొగ కంపు. మీ కరెంటోళ్లకు మేం తినే యాళే దొరికినాదా?”

— తిప్పమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది రాయచెర్లులో.