గట్టర్లో నిప్పురవ్వ

మందుల షాపు మూసి ఇంటికొచ్చిన ఫెర్గస్‌కి గోడకు ఆనించిన నిచ్చెన కనిపించింది. దాని పైమెట్టు మీద పసుపు కోటు వేసుకున్న ఓ అమ్మాయి నిలబడి, చూరు వెంట వాననీళ్లు పోయే రేకు గట్టర్లో చెయ్యి పెట్టి కెలుకుతోంది.

"గట్టర్లో తోట పెంచుతున్నారా? ఇక్కడ నీలగిరి మొక్క కూడా ఒకటి మొలిచింది," అంది పైనుంచి.

"దిగండి," అన్నాడు ఫెర్గస్.

తాను అగ్నిమాపక దళం వాలంటీర్‌నని, తలుపు తట్టినా ఎవరూ పలకలేదని, ఎండలు ముదరకముందే ఇల్లిల్లూ చూసి చెప్పడం తమ పనని ఆమె చెబుతూనే ఉంది. ఫెర్గస్ తలెత్తలేదు. నేల చూపులు చూస్తూ, ఇంకాస్త కటువుగా అదే మాట మళ్లీ అన్నాడు.

ఆమె దిగింది. చేతిలోని ఎండుటాకులు అతని బూట్ల ముందు పోసింది.

"మనిషి ముఖం చూసి మాట్లాడితే మీ సొమ్మేం పోదు," అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆమె పేరు మార్నీ. ఊళ్లో చంటిపిల్లల బడిలో టీచరు. కొత్తగా వచ్చిన మందుల షాపతనికి ఒళ్లంతా పొగరేనని ఆ వారంలోనే వారన్ హిల్ ఊరంతా చెప్పేసింది.

ఆ ఊరి చుట్టూ నీలగిరి అడవే. భూమికి దక్షిణాన ఉన్న ఆ దేశంలో వేసవి డిసెంబరులో మొదలవుతుంది. వేసవిలో ఎవరైనా పొద్దున లేవగానే ముందు గాలి వాసన చూస్తారు, ఆ తర్వాతే కాఫీ. మంట ఊళ్లోకి రావడానికి ముందు రవ్వలు గాల్లో ఎగిరొస్తాయి. అవి పడి రాజుకోవడానికి ఆకులు నిండిన గట్టర్‌ని మించిన చోటు లేదు. ఫెర్గస్‌కి ఇదంతా తెలుసు. గట్టర్లు శుభ్రం చేసేవాళ్లందరికీ ఫోన్ చేశాడు. క్రిస్మస్ దాటేదాకా ఎవరికీ ఖాళీ లేదు.

దగ్గు మందు కోసం షాపుకొచ్చిన మార్నీ ఆ సంగతే అడిగింది. ఎవరూ దొరకలేదన్నాడు. రెండు చేతులూ ఉన్నాయి కదా, మీరే ఎక్కొచ్చుగా అంది. షాపులో ఇంకెవరూ లేరు. ఫెర్గస్ మందు సీసా బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ చెప్పాడు.

"చిన్నప్పుడు మా నాన్న గట్టర్ శుభ్రం చేస్తుంటే నిచ్చెన కింద పట్టుకున్నది నేను. అది జారింది. నాన్న మళ్లీ లేవలేదు. మొన్న మీరు పైన ఉంటే నేను చూడలేకపోయాను. అంతే."

మార్నీ సీసా తీసుకుంది. బయటిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"శనివారం వస్తాను. నేనెక్కుతాను. కింద మీరే పట్టుకోవాలి."

"నా వల్ల కాదు."

"పట్టుకునేది మీరు, పడితే పడేది నేను. భయపడాల్సింది నేను కదా?"

శనివారం ఫెర్గస్ చేతులు వణికాయి. వాటితోపాటు నిచ్చెనా వణికింది. తాను క్షేమంగా ఉన్నట్టు అతనికి తెలియాలని మార్నీ పైనుంచి వాగుతూనే ఉంది. బడిలో తన చెప్పు దాచేసిన పిల్ల గురించి, తనకు వంట రాకపోవడం గురించి, గట్టర్లో దొరికిన పాత టెన్నిస్ బంతి గురించి. గుప్పెళ్ల కొద్దీ ఆకులు అతని నెత్తిన పడ్డాయి. చివరికి ఫెర్గస్ తలెత్తి చూశాడు. మట్టి అంటిన ముక్కుతో ఆమె నవ్వుతోంది. అతని గుండె దడదడలాడింది. ఈసారి భయం ఒక్కటే కారణం కాదు.

టీ తాగుతూ, మంటల దగ్గరికి వెళ్లడానికి భయం వెయ్యదా అని అడిగాడు.

"ఫైరింజన్ ఎక్కిన ప్రతిసారీ వేస్తుంది. ఎవరికీ చెప్పకు," అంది మార్నీ. ఆ మాటతో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

తర్వాతి శనివారాలు ఆమె ఏదో ఒక సాకుతో వచ్చింది. సాకు దొరకని రోజు ఉత్తినే వచ్చింది. మనసులో మాట మాత్రం ఇద్దరూ పైకి అనలేదు.

జనవరిలో ఒక రోజు ఉత్తరపు గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వీచింది. ఊరు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. ఫెర్గస్ కారులో సామాను పెడుతుండగా, ఊరు దాటడానికి ఉన్న ఒక్క దారికీ అడ్డంగా చెట్టు కూలిందని తెలిసింది. మార్నీ ఎక్కిన ఫైరింజన్ బండి అప్పటికే మంట ఉన్న కొండ శిఖరం వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికే ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. కరెంటు పోయింది. పంపు ఆగింది. నిప్పురవ్వలు పురుగుల్లా ఎగిరొచ్చి పెరట్లో పడుతుంటే ఫెర్గస్ తడి గోనెతో ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు. అప్పుడు చూరు మూల నుంచి పొగ కనిపించింది. పొద్దుటి గాలి గట్టర్లోకి కొత్తగా ఆకులు తెచ్చి పోసింది.

పొరుగింట్లో ఎవరూ లేరు. నిచ్చెన పట్టుకునేవాళ్లు లేరు. మార్నీ వదిలి వెళ్లిన నిచ్చెనని గోడకు ఆనించాడు.  పొద్దున నింపి పెట్టుకున్న బకెట్ మోచేతికి తగిలించుకుని, తడి గోనె భుజాన వేసుకుని, కళ్లు సగం మూసుకుని ఎక్కాడు. నీళ్లు పోశాడు. సుయ్‌మంది. ఇంకో పొగ, పొగగొట్టం పక్కన. చెయ్యి అందలేదు. రేకుల మీదికి పాకి, తడి గోనెతో బాదాడు, బాదుతూనే ఉన్నాడు. చివరికి అది ఆరింది.

అప్పుడు గాలి తిరిగింది. చల్లటి గాలి మంటను ఊరి నుంచి పక్కకు తోసింది.

దిగబోయాడు. దిగలేకపోయాడు. పొగగొట్టాన్ని కావలించుకుని కూర్చున్నాడు. అక్కడినుంచి శిఖరం కనిపిస్తోంది. మార్నీ బండి వెళ్లిన దారంతా నల్లటి పొగ. ఫోన్ మోగడం లేదు. ఆమె పేరు పైకి అంటే ఏదైనా అయిపోతుందేమోనని పెదవులు బిగించుకున్నాడు.

సాయంత్రానికి బండి వచ్చి ఆగింది. మసి పూసుకున్న మనిషి ఒకరు దిగి, పేరు పెట్టి పిలుస్తూ ఇల్లంతా వెతికి, చివరికి పైకి చూశారు. కళ్లు చూసి పోల్చుకున్నాడు. మార్నీ.

"అక్కడేం చేస్తున్నావు?"

"మంట ఆర్పాను. దిగడం రావట్లేదు."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఎక్కి వచ్చి పక్కన కూలబడింది. మంట తమ బండి మీదుగానే పోయిందని, అందరూ లోపలే నిప్పంటని దుప్పట్ల కింద ముడుచుకున్నారని, శిఖరం మీద రెండిళ్లు పోయాయని చెప్పింది. 

"దుప్పటి కింద ఒకటే అనుకున్నాను ఫెర్గస్. నీకు చెప్పకుండానే చచ్చిపోతున్నానే అని."

"ఇప్పుడు చెప్పు."

"నువ్వంటే నాకు ప్రాణం."

"నాక్కూడా," అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆ పూట అతనికి దొరకలేదు. ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. ఆమె జుట్టంతా పొగ వాసన.

చీకటి పడకముందే దిగాలని మార్నీయే లేచింది. ముందు తాను నిచ్చెన మీదికి దిగి, అతన్ని వెనక్కి తిరగమంది. అతను కళ్లు మూసుకుని ఒక కాలు గాలిలోకి చాచాడు. ఆమె ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని మెట్టు మీద ఆనించింది. తర్వాత రెండో పాదం. ఇద్దరూ వణుకుతూనే, ఒక్కో మెట్టూ అలాగే దిగారు.