పచ్చబోర్డు కుట్ర

చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ ముందున్న స్క్రీన్ మీద తేదీ 1901, డిసెంబర్ 13 అని వెలుగుతోంది.

మెడ మీద సూది గుచ్చిన గుర్తు. టేబుల్ మీద నాలుగు టీ కప్పులు. రెండింట్లో ఈగలు, ఒకదానిలో సిగరెట్ పీక. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి ముద్దకట్టి ఉంది. ఏజెంట్ చీపురు గ్లవ్స్ తొడుక్కున్నాడు. కీబోర్డును ఇంకోసారి చూసి, వాటి మీద మరో జత తొడుక్కున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో శవాలకు అలవాటు పడ్డాడు గానీ ఇలాంటి టేబుళ్ళకు పడలేదు.

చీపురు అన్నది అక్క పెట్టిన పేరు. చిన్నప్పుడు ఎవరింటికి వెళ్ళినా ముందు మూలలు చూసేవాడు. డిపార్ట్‌మెంట్‌కు ఆ సంగతి తెలిసి, దాన్నే కోడ్‌నేమ్ చేసేసింది.

వంగి టెస్టర్ కాలరు వాసన చూశాడు. చెమట కంపు, పొగాకు కంపు, వాటి మీద తియ్యటి సెంటు. ఆ సెంటును మాత్రం గుర్తు పెట్టుకున్నాడు.

పది గంటలకు చీఫ్ గదిలో బ్రీఫింగ్. చీఫ్ పెన్ను మూతతో చెవి తిప్పుకుంటూ మొదలుపెట్టాడు.

“పాత మెషిన్లు 1970 నుంచి సెకన్లు లెక్కపెడుతున్నాయి. 32 బిట్ల డబ్బాలో. 2038 జనవరిలో ఆ డబ్బా నిండిపోతుంది. తర్వాతి సెకనుకి మెషిన్ 1901 అంటుంది.”

“దానికింకా టైముంది కద సార్.”

“విను. అందుకే ముందుగానే డబ్బాని 64 బిట్లకి పెంచుతున్నారు. ఈ పాత మెషిన్లకి సాఫ్ట్‌వేర్ కట్టి పంపే డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు ఒకటుంది. అందులో పన్నెండొందల ప్యాకేజీలు. మార్చితే అన్నీ కలిసే మారాలి. మన టెస్టర్ ఇవాళ పొద్దున తన మెషిన్లో తేదీని 2038కి జరిపి చూశాడు. 1901 వచ్చింది. అంటే కొత్త సెట్టులో ఏదో ఒకటి పాతదే దూరింది. ఎవరికైనా చెప్పేలోపు చంపేశారు.”

“దూరితే ఏమవుతుంది?”

“ప్రోగ్రామ్ చిన్న గిన్నె పట్టుకుని నిలబడుతుంది. లైబ్రరీ, అంటే ప్రోగ్రాములన్నీ టైమ్ అడిగే ఉమ్మడి కోడు, పెద్ద చెంబుతో పోస్తుంది. పొంగింది పక్క గిన్నెలో పడుతుంది.” చీఫ్ పెన్ను మూతను చూసుకుని చొక్కాకు తుడిచాడు. చీపురు కళ్ళు మూసుకున్నాడు. “ఆసుపత్రుల్లో మందెక్కించే పంపులున్నాయే, వాటిలో నడిచేది ఈ సాఫ్ట్‌వేరే. అందులో టైమ్ పక్కనే మందు మోతాదు ఉంటుంది. పొంగితే మోతాదు మీద సున్నాలు పడతాయి. మందు ఆగిపోతుంది. అలారం మోగదు. అవతలి దేశపు ముఠా ప్లాన్ అదే. మధ్యాహ్నం పన్నెండుకి రిలీజ్. పంపులు ఆ నిమిషమే వాటంతటవే తెచ్చుకుంటాయి.”

చీపురు కళ్ళు తెరిచాడు. అక్క మూడు రోజులుగా ఐసీయూలో ఉంది. బీపీ పడిపోకుండా నిలబెడుతున్నది అలాంటి పంపే.

“రిలీజ్ ఆపించండి సార్.”

“ఫోన్ చేశానయ్యా. ప్యాకేజీల బోర్డు మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, ఎందుకాపాలని మేనేజర్ ఎదురడిగాడు. ఎరుపు కనపడితే తప్ప అక్కడేదీ ఆగదట. అది వాళ్ళ పద్ధతి. లోపల మన మనిషి ఒకావిడ ఉంది, కోడ్‌నేమ్ అత్తరు. ముఠా ఆవిణ్ణి తమ మనిషే అనుకుంటోంది. కలుసుకో.”

పావుతక్కువ పన్నెండుకి చీపురు ఏసీ మెకానిక్ వేషంలో ఆ ఆఫీసులోకి అడుగుపెట్టాడు. ఖాకీ యూనిఫాం, చేతులకు రెండు జతల గ్లవ్స్, భుజాన నిచ్చెన, జేబులో స్క్రూడ్రైవర్. దాని పిడిలో ఏ కంప్యూటర్‌కి గుచ్చినా తాళం తీసే చిప్ ఉంది.

హాల్లో గోడంత బోర్డు. పన్నెండొందల పచ్చచుక్కలు. దాని కింద, తిని వదిలేసిన ప్లేట్లు మూడు పక్కకు జరిపి రిలీజ్ మేనేజర్ కూర్చున్నాడు. టేబుల్ కింద విప్పిన బూట్లు. చీపురు నోటితో గాలి పీల్చడం మొదలుపెట్టాడు.

అవతలి మూల ఒకావిడ కనిపించింది. పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో లిప్‌స్టిక్. అలాంటి హాల్లో అంత అందం ఉండటమే విడ్డూరంగా ఉంది. ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“గ్యాస్ అయిపోయిందా?”

“గ్యాస్ ఉంది మేడమ్. గాలే లేదు.”

కోడ్ సరిపోయింది. సెంటు కూడా సరిపోయింది. పొద్దున టెస్టర్ కాలరు మీద ఉన్నది ఇదే.

“అన్నీ చెక్ చేశాను. చచ్చినవాడిది ఉత్త భ్రమ. నువ్వెళ్ళిపోవచ్చు,” అంది అత్తరు.

“ఫిల్టర్ ఒకసారి చూసి వెళ్తా మేడమ్.”

మేనేజర్ కుర్చీ వెనక నిచ్చెన వేసి ఎక్కాడు. ఏసీ మూత తీయగానే ఫిల్టర్ కనిపించింది. అది ఫిల్టరని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నల్లటి బూజు మందంగా పేరుకుంది. కింద ట్రేలో మురుగునీళ్ళు, అందులో చచ్చిన బల్లి. మోచేత్తో ముక్కు మూసుకుని, అక్కడి నుంచే మేనేజర్ స్క్రీన్ చదివాడు. అన్ని ప్యాకేజీలూ ఈ వారం కట్టినవి. పంపు ప్రోగ్రామ్ ఒక్కటే మూడు నెలల కిందటిది.

“సార్, ఈ పంపుది పాతదిగా? పచ్చగా ఎట్లా ఉంది?”

మేనేజర్ తల కూడా తిప్పలేదు. “దాన్ని కొత్తగా కట్టబోతే మూడు రోజులుగా బిల్డ్ కావట్లేదు, పాతదే ఉంచాం. కొత్త లైబ్రరీకి పేరు మార్చాం. పాత ప్రోగ్రాములు పాత పేరే అడిగి, దొరక్క ఆగిపోవాలని. అప్పుడు బోర్డు ఎర్రగా అవుతుంది కదా. అందుకని ఒక్క లైను పెట్టా, పాత పేరుతో పిలిచినా కొత్తదే పలికేట్టు. అంతే, పచ్చగా అయింది.”

“ఆగడానికే కదా పేరు మార్చింది?”

“తాత్కాలికమేనయ్యా. రిలీజయ్యాక తీసేద్దామనుకున్నా. ఆ ఐడియా కూడా నాది కాదు, మేడమ్‌ది. ఇంతకీ ఏసీవాడివి, నీకెందుకివన్నీ?”

చీపురుకు ఒళ్ళు మండిపోయింది. బల్లి కంటే, బూజు కంటే ఆ ‘తాత్కాలికం’ అన్న మాటే ఎక్కువ రోత పుట్టించింది. ముఠాకు బాంబులు అక్కర్లేదు, ఇలాంటివాడు ఒక్కడు చాలు.

“దిగు,” అంది కింద నుంచి అత్తరు. లిప్‌స్టిక్ మూత తీసి ఉంది. లోపల సూది. “నువ్వు కనిపెడతావని తెలుసు. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉండుంటే బతికిపోయేవాడివి.”

గోడగడియారం పదకొండూ యాభై ఎనిమిది.

చీపురు దిగలేదు. ట్రే వంచాడు.

ఎన్నేళ్ళ మురుగో, మొత్తం అత్తరు తల మీద పడింది. బల్లి భుజం మీద ఆగింది. ఆమె పెట్టిన కేకకు హాలంతా లేచి నిలబడింది. చీపురు దూకి చెయ్యి విరిచిపట్టి, సూది లాక్కుని, ఆమెను నిచ్చెనకు కట్టేశాడు. తర్వాత మేనేజర్‌ను కుర్చీతో సహా పక్కకు తోసి, స్క్రూడ్రైవర్ గుచ్చాడు. తాళం తెరుచుకుంది. ఆ లైను మీదికి వెళ్ళి డిలీట్ నొక్కాడు.

కీ కదల్లేదు.

పదకొండూ యాభై తొమ్మిది. ఏనాడో ఒలికిన టీ ఎండి, కీ కిందికి దిగకుండా బంకలా పట్టేసింది. రెండు జతల గ్లవ్స్‌తో వేలు జారిపోతోంది. చీపురు ఆ కీబోర్డును చూశాడు. ఐసీయూలో అక్క పక్కన చుక్క చుక్కగా దిగుతున్న మందు గుర్తొచ్చింది. పళ్ళతో గ్లవ్స్ పీకి పారేసి, గోటితో ఆ బంకను గీకాడు. గోరు నిండా ఏదో చేరింది. అదేమిటో చూడకుండా నొక్కాడు.

లైను పోయింది. బోర్డు మీద ఒక్క చుక్క ఎర్రబడింది. రిలీజ్ గడియారం ఇంకో సెకను ఉందనగా ఆగిపోయింది.

“ఎంత పని చేశావురా,” అన్నాడు మేనేజర్ ఏడుపు గొంతుతో. “బోర్డంతా పాడు చేశావు.”

వారం తర్వాత అక్కను వార్డుకు మార్చారు. చీపురు మంచం పక్కన కూర్చుని, ఫోన్లో వచ్చిన రిపోర్టు చదివి వినిపించాడు. కింద రిలీజ్ మేనేజర్ సంతకం ఉంది: ‘రిలీజ్ ఆలస్యానికి కారణం, ఏసీ మెకానిక్.’

అక్క నీరసంగా నవ్వింది. “ముందు ఆ గోళ్ళు కడుక్కురా పో.”

“పదిసార్లు కడిగానక్కా.”

“సరేలే. కనీసం ఆ ఏసీ అయినా బాగుపడిందా?”

“దానికసలు ఏ రోగమూ లేదక్కా,” అన్నాడు చీపురు. “ఒక్కడూ ఫిల్టర్ కడగలేదంతే.”