మావయ్య బాగుచేసిన ఫ్రిజ్

పొయ్యి మీద పాలు విరిగిపోయాయి. ధనలక్ష్మి గిన్నె దించి, తీసుకెళ్ళి భర్త ముందు పెట్టింది.

"మీరు బాగుసేసిన ఫ్రిజ్ సల్లదనం ఇది. సూడండి."

గురునాథరావు చూడలేదు. పూర్ణా మార్కెట్లో బెల్లం, చింతపండు, యాలకులు అమ్మి ఇల్లు కట్టిన మనిషి. నష్టం కనబడితే ముందు కళ్ళు తిప్పుకుంటాడు. అది ఎవరి పద్దులో వేయాలా అని తరవాత ఆలోచిస్తాడు.

కిందటి వారం ఫ్రీజర్లో అతుక్కుపోయిన వంజరం చేప పొట్లాన్ని ధనలక్ష్మి కత్తితో పెకలించబోయి లోపలి గొట్టానికి చిల్లు పెట్టింది. బుస్సుమని గ్యాసంతా పోయింది. మెకానిక్కిచ్చిన కూలి తిరిగొచ్చే పెట్టుబడి కాదని గురునాథరావు తానే పనిలోకి దిగాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. ఫ్రిజ్‌ను వరండాలోకి లాగించి చిల్లుకి అల్యూమినియం అతికే గమ్ము పట్టించాడు. అద్దెకు తెచ్చిన పంపుతో గొట్టాల్లోని గాలంతా లాగేసి కొత్త గ్యాసు నింపాడు. మోటారు తిరిగింది. ఆ సాయంత్రం కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాడు. అంత చెప్పుకున్నాక ఇక వెనక్కి తగ్గడం కష్టం.

"ఫ్రిజ్ తప్పేటుంది?" అన్నాడు. "కోడలు అస్తమానూ తలుపు తీసి నిలబడితే సల్లదనం వీధిలోకి పోద్ది. నాను సేసిన పనిలో లోపం లేదు."

డ్యూటీకి తయారవుతున్న మధులత ఆ మాట విని బయటికొచ్చింది. పరవాడ మందుల కంపెనీ ల్యాబులో ఆమె ఉద్యోగం. ఆ ఫ్రిజ్ ఆమె తన జీతంతో ఈ ఇంటికి తెచ్చిన మొదటి వస్తువు.

"కూర పాడైతే నేనే. పాలు విరిగితే నేనే. రోజూ ఈ మాటే ఇంటన్నాను మావయ్యా. పరవాడలో గది సూసుకున్నాం. రేపో ఎల్లుండో ఎల్లిపోతాం. ఫ్రిజ్ మీరే ఉంచుకోండి."

పళ్ళు తోముకుంటున్న కొడుకు మోహన్ తల దించుకున్నాడు. "ఒక్క మాట తగ్గొచ్చు కదేటి నాన్నా."

గురునాథరావు లోపల కాటా ఒక్కసారి ఒరిగిపోయింది. కొట్టు కట్టేసి ఇంటికొస్తే అత్తాకోడళ్ళ కబుర్లు, గుమ్మం దాకా వినిపించే వాళ్ళ నవ్వు. ధర కట్టని సరుకది. పోతే మళ్ళీ ఎక్కడ కొంటాడు? నోరు మాత్రం దిగిరాలేదు.

"గ్యాసు సరిగానే పోసానమ్మా," అన్నాడు నెమ్మదిగా.

చెప్పులేసుకోబోతూ మధులత ఫ్రిజ్ వెనక్కి తొంగి చూసింది. "మోటారు కాలిపోతంది. ఈ గొట్టానికేమో మంచు పట్టీసింది. ఎంత పోసారు?"

"ఫ్రిజ్ ఎనక ప్లేటు మీద రాసినంతే. యాలకులు తూసే కాటా మీద తూసాను. గ్రాము తేడా లేదు."

"అంతేనా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "దాని మీద కొసరు."

"కొసరా?"

"తూసినంతే పోసీవోడు యాపారేటమ్మా? మా అయ్య కాలం నుంచీ కాటా దించాక ఇంత కొసరేస్తాం. సెయ్యి దానంతటదే ఎల్లిపోద్ది."

మధులత పెదాలు బిగించింది గాని నవ్వు ఆగలేదు. "మా ల్యాబులో కొసరేస్తే సరుకంతా పారబోస్తారు మావయ్యా. గ్యాసు ఎక్కువైనా ఫ్రిజ్ సల్లబడదు."

"కొనీవోళ్ళు బతిమాలినా రెండు యాలకులు రాలవు," అంది ధనలక్ష్మి. "ఫ్రిజ్జుకి మాత్రం దోసిట్లో పోసీసారు."

కంపెనీ బస్సు వెళ్ళిపోయింది. మధులత ఫోన్లో కంపెనీకి సెలవు చెప్పేసి పైట దోపుకుంది. ఆ గ్యాసు మండేది కాబట్టి ముందు పొయ్యి ఆర్పించింది, ప్లగ్గు తీయించింది. మోహన్ ఫ్రిజ్‌ను ఆరుబయటికి జరిపాడు. ఉన్న గ్యాసంతా వదిలేసి మళ్ళీ పంపు పెట్టారు. ఈసారి కాటా దగ్గర మధులత కూర్చుంది.

"ఆపండి," అంది.

గురునాథరావు వేళ్ళు గ్యాసు డబ్బా మర మీదే ఉండిపోయాయి. కట్టేశాడు.

మధ్యాహ్నానికి ఫ్రీజర్లో గిన్నెడు నీళ్ళు గట్టిపడ్డాయి. ధనలక్ష్మి ఆ గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకునే కోడలి దగ్గరకెళ్ళాడు.

"తప్పు నాది. తెచ్చి నీ నెత్తిన ఏసీసాను. ఇక్కడే ఉండమ్మా."

మధులత మొగుడి వైపు చూసి తలూపింది. మోహన్ ఫోన్ తీశాడు.

"ఆ గది మాకొద్దండీ. ఇంకెవరికైనా ఇచ్చీండి."

గురునాథరావు భుజం మీది తుండు తీసి మొహమంతా గట్టిగా తుడుచుకున్నాడు.

"ఉక్కగా ఉంది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.