జేబులో దొరికిన సాక్ష్యం

ఆదివారం ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఇంకా వేడెక్కలేదు. ఇంటాయన మాత్రం ఎప్పుడో వేడెక్కాడు. "వాడి చొక్కా అయిందా లేదా? గుడిలో తొట్టి నిండిపోతుంది, నేను వెళ్లి పంపు కట్టెయ్యాలి" అంటూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటాడు, విప్పుతాడు, మళ్లీ వేసుకుంటాడు. వృత్తికి వడ్రంగి. వాళ్ల బాప్టిస్టు సంఘంలో ఇరవై రెండేళ్లుగా డీకన్. బోధించడం, సంఘాన్ని నడిపించడం పెద్దల పని. కుర్చీలు వెయ్యడం, జబ్బుపడ్డవాళ్లని కనిపెట్టుకుని ఉండడం, ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసం పంచాక ఆ చిన్న గ్లాసులన్నీ కడగడం, బాప్తిస్మం రోజున తొట్టి నింపడం ఈయన పని.

ఇవాళ ఆ తొట్టి సొంత కొడుకు కోసమే. ఆరాధన అయ్యాక సభ్యులంతా చేతులెత్తి కొత్త పెద్దను ఎన్నుకుంటారు. అందరి నోటా ఈయన పేరే నలుగుతోంది. అడ్డం ఒక్కటే. పెద్దగా ఉండేవాడి పిల్లలు విశ్వాసులై ఉండాలన్నది ఆ సంఘం నియమం. ఇరవై ఏళ్ల కొడుకు ఇంతవరకూ నీళ్లలో దిగలేదు.

అమ్మ కొడుకు తెల్లచొక్కా జేబు మీద ఇస్త్రీపెట్టె ఆనించబోతే లోపల ఏదో గరగరలాడింది. తీసి చూస్తే మడతపెట్టిన కాగితం. ఒక పక్క ఎవరిదో అలమార కొలతలు. రెండో పక్క, తనెలా నమ్మాడో చెప్తూ, బాప్తిస్మానికి ముందు కొడుకు సంఘం ఎదుట చదవాల్సిన సాక్ష్యం. "నా పాపాలు తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చాను" అని ఉంది. చెక్క మీద గీతలు గీసే లావుపాటి పెన్సిలుతో రాసిన ఆ అక్షరాలు ఎవరివో ఆమెకు ఒకరు చెప్పాలా?

"ఏమండీ, వీడెప్పుడు ఏడ్చాడు?"

"పొద్దున్నే ఏంటే నీ గోల?"

"కొలతలు మీవి, పెన్సిలు మీది. ఏడుపు మాత్రం వాడిదా?"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "వాడికి మాటలు రావని కాస్త సాయం చేశాను. కొంప మునిగిందా?"

అప్పుడే కొడుకు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. "బుధవారం పెద్దలు కూర్చోబెట్టి అడిగినప్పుడు కూడా నాన్న నేర్పిందే అప్పజెప్పానమ్మా. వాళ్లు నమ్మేశారు."

"నమ్మక? నువ్వేమైనా దొంగవా?" అన్నాడు తండ్రి.

"ఆ కాసేపూ దొంగలాగే అనిపించింది నాన్నా."

అమ్మ ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టేసింది. ఆయనకు ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. "ఏం అడిగాన్రా నిన్ను? ఒక్కసారి మునిగి లేవమన్నాను, అంతేగా! ఇరవై రెండేళ్లు ఎంగిలి గ్లాసులు కడిగాను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు పెద్దలై ముందు వరసలో కూర్చున్నారు. నేనింకా బక్కెట్లు మోస్తూనే ఉండాలా?"

"పెద్దంటే పై ఉద్యోగమా అండీ?" అంది ఆమె నెమ్మదిగా. "మంచాన పడ్డ ఆ దర్జీ తాత మిమ్మల్ని తప్ప ఎవర్నీ గడ్డం గియ్యనివ్వడు. ఏ పెద్దకి ఇచ్చాడు ఆ చనువు?"

కొడుకు గొంతు తగ్గించాడు.

"ఆదివారం బడిలో మాకు ఓ కథ చెప్పేవాడివి నాన్నా. నాలుగు వందల ఏళ్ల కిందట సొంత దేశంలో ఉండనివ్వకపోతే, పరాయి దేశంలో రొట్టెల బట్టీలో తలదాచుకున్నవాళ్ల కథ. పసితనంలో ఎవరో చేయించిన బాప్తిస్మం మాది కాదు, నమ్మినవాడు తన నోటితో తానే చెప్పాలి అని వాళ్లు పట్టుబట్టారనీ, బాప్టిస్టులు అలా మొదలయ్యారనీ చెప్తుంటే నీ కళ్లు మెరిసేవి. వాళ్లకి ఊహ తెలియనప్పుడు చేయించారు. నాకు ఇరవై ఏళ్లు వచ్చాక చేయిస్తున్నావు."

ఆయన చెప్పులు వేసుకుని విసురుగా వెళ్లిపోయాడు.

గుడిలో వేదిక వెనక తొట్టి నిండింది. పంపు కట్టేసి గట్టు మీద కూర్చున్నాడు. ఎంతమంది ఈ మెట్లు దిగారు! కొందరు వణికారు, కొందరు నవ్వారు. లేచిన ప్రతివాళ్లకీ తువ్వాలు అందించింది తనే. వాళ్లలో ఒక్కరినైనా ఎవరూ తోసుకురాలేదు.

అడుగుల చప్పుడు వినిపించింది. తెల్లచొక్కా తొడుక్కుని కొడుకు.

"దిగుతాను నాన్నా."

"నమ్ముతున్నావా?"

"తెలీదు. నీకోసం దిగుతాను. నువ్వు ముందు వరసలో కూర్చోవాలిగా."

తను కోరిందే కాళ్ల దగ్గరికి వచ్చింది. అయినా ఆ మాట వినగానే తనేం చేయబోయాడో ఆయనకు తెలిసొచ్చింది. బిడ్డ చేత దేవుడి ముందు అబద్ధం ఆడించబోయాడు, అదీ ఒక కుర్చీ కోసం. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా నీళ్లలో ముంచి, అడుగున ఉన్న బిరడా లాగేశాడు.

నీళ్ల చప్పుడుకి సంఘ పెద్ద వచ్చాడు. ఒకప్పటి హెడ్‌మాస్టారు. "ఇదేంటి డీకన్ గారూ, ఆరాధనే మొదలవలేదు!"

"వాడి సాక్ష్యం నేను రాసిచ్చానండీ. ఆ ముక్క అందరి ముందూ చెప్తాను. ఎన్నికలోంచి నా పేరు తీసెయ్యండి."

హెడ్‌మాస్టారు ఖాళీ అవుతున్న తొట్టికేసి చూశాడు. "చెప్పండి. కష్టంగానే ఉంటుంది" అన్నాడు.

సంఘం ముందు నిలబడితే నిజంగానే కష్టమైంది. నాలుగు వాక్యాలు చెప్పడానికి మూడుసార్లు ఆగాడు. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎన్నికలో తనకంటే పదేళ్లు చిన్నవాడికి చేతులు లేచాయి. అందరి తర్వాత ఈయన చెయ్యి కూడా లేచింది.

అంతా అయ్యాక వెనక గదిలో ప్రభు బల్ల గ్లాసులు కడుగుతుంటే కొడుకు వచ్చి పక్కన నిలబడి ఒక్కొక్కటే తుడవసాగాడు.

"ఇంకెప్పుడూ నిన్ను అడగన్రా."

"అడగొద్దు. దిగాలనిపిస్తే నేనే చెప్తాను. అసలు అనిపించకపోవచ్చు కూడా నాన్నా."

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అయినా అది కొడుకు సొంత మాట. అందులో ఒక్క అక్షరం కూడా తను రాసింది కాదు.

"అనిపిస్తే మాత్రం తొట్టి నువ్వే నింపాలి" అన్నాడు కొడుకు. "పైకి లేచాక తువ్వాలు కూడా నువ్వే అందించాలి."

ఆ పని ఇంకెవరికి వదులుతాన్రా అనబోయాడు. అనేలోపే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, సబ్బు నీళ్లు కారుతున్న చేతులతో కొడుకుని దగ్గరికి లాక్కున్నాడు. పొద్దున అమ్మ ఇస్త్రీ సగంలో ఆపేసిన తెల్లచొక్కా భుజాల మీద తడిసిపోయింది.